ఎడారి మొక్కల్ని గడ్డకట్టే చలి దాటించడం ఎలా: డాలస్ పెరట్లోంచి పూర్తి గైడ్

2021 ఫిబ్రవరి 16 పొద్దున డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ పడింది, అంటే మైనస్ 19 సెంటీగ్రేడ్. కరెంట్ లేదు, ఇంట్లోనే జాకెట్లేసుకుని కూర్చున్నాం, పెరట్లో మొక్కలు ఎవడికి గుర్తుంటాయి. వారం తర్వాత మంచు కరిగాక బయటికెళ్ళి చూస్తే, నాలుగేళ్ళు పెంచి నడుమెత్తు చేసిన కిత్తనార, ఇక్కడ అగావె అమెరికానా అంటారు, ఉడికిపోయిన బెండకాయలాగా నేలమీద పరుచుకుని ఉంది. వాసన సంగతి చెప్పను. దానికి మూడడుగుల దూరంలో నాగజెముడు కూడా పడిపోయే ఉంది, మట్టలన్నీ ముడతలు పడి వంకాయ రంగుకి తిరిగాయి. రెండూ పోయాయనుకుని నరికి డ్రైవ్‌వే పక్కన కుప్ప పోశా. చెత్త బండి ఆ నెలంతా సరిగ్గా రాలేదు, అదే మంచిదైంది, ఎందుకంటే మార్చి చివర్లో చూస్తే ఆ కుప్పలోనే నాగజెముడు మట్టలు నీళ్ళు పట్టి నిగనిగలాడుతున్నాయి, అడుగున ఉన్నవి వేర్లు కూడా వేశాయి.

ఇది అమ్మకి ఫోన్లో చెప్తే, "నాగజెముడుకి దుడ్లిచ్చి కొంటివా? మన చేను గట్టున ఊరికే పడుంటాదే" అని అదొక్కటే పట్టుకుని నవ్వింది. అనంతపురం వాళ్ళకి ఆ మాత్రం హక్కు ఉంది లెండి.

సరే, రెండూ ఎడారి మొక్కలే, ఒకే నేల, ఒకే చలి, ఒకటి ఎందుకు పోయింది ఇంకోటి ఎందుకు బతికింది అన్నది అప్పట్నుంచి చదువుతూ, పెరట్లో చేసి చూస్తూ నేర్చుకున్నదంతా కింద పెడుతున్నా. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి నేరుగా పనికొస్తుంది, మిగతా వాళ్ళు మీ ఊరి చలికి తగ్గట్టు నంబర్లు మార్చుకోండి. కరివేపాకు గురించి మాత్రం అడగొద్దు, దానికి ఒకటే మందు, ఇంట్లోకి తెచ్చుకోవడం.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందాం

ఈ భాగం దాటేయకండి, ఇది అర్థమైతే కింది స్టెప్పులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటంతటవే తోస్తాయి.

మనమంతా అనుకునేది ఏంటంటే చలికి మొక్క కణాల్లో నీళ్ళు గడ్డకట్టి, సీసా పగిలినట్టు కణం పగిలి మొక్క చస్తుందని. కణం లోపల ఐస్ కడితే చావు ఖాయమే కానీ, బయట పెరిగే మొక్కల్లో మామూలుగా జరిగేది అది కాదు. ఐస్ ముందు కణాల మధ్య ఉండే సందుల్లో కడుతుంది, ఎందుకంటే అక్కడున్న నీళ్ళలో ఉప్పులు, చక్కెరలు తక్కువ, కణం లోపల ఎక్కువ. ఒక్కసారి సందులో ఐస్ పుట్టిందంటే అది స్పాంజిలాగా కణం లోపలి నీళ్ళని బయటికి లాగడం మొదలుపెడుతుంది. ఎంత గట్టిగా లాగుతుందంటే సున్నా సెంటీగ్రేడ్ నుంచి ఒక్కో డిగ్రీ కిందికి దిగేకొద్దీ దాదాపు 12 అట్మాస్ఫియర్ల చొప్పున, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 12 రెట్లు. పొలంలో పైరు పూర్తిగా వాడిపోయి ఇక నీళ్ళు పెట్టినా లేవదు అనే దశకి నేల తడి ఆరడాన్ని 15 అట్మాస్ఫియర్లని లెక్కేస్తారు కదా, అంటే మైనస్ ఒకటిన్నర సెంటీగ్రేడ్ రాకముందే ఐస్ ఆ పని చేసేస్తోంది, మైనస్ 10 దగ్గర అది 120 అట్మాస్ఫియర్లు!

అంటే మొక్కకి గడ్డకట్టే చలి అంటే ఒక్క రాత్రిలో వచ్చిపడిన కరువు. అందుకే మొక్క రెండిటికీ ఒకే రకమైన ఏర్పాటు చేసుకుంటుంది. కణాల్లో చక్కెరలు, ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం పెంచుకుంటుంది, డీహైడ్రిన్లు అనే ప్రోటీన్లు తయారుచేసి ఎండిపోతున్న పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుకుంటుంది. కరువులో పెరిగే ఆబ్సిసిక్ యాసిడ్ అనే హార్మోనే చలికి గట్టిపడటంలోనూ పనిచేస్తుంది. 1990లలో అమెరికాలో చలి మీద పనిచేస్తున్న ల్యాబ్, జపాన్‌లో కరువు మీద పనిచేస్తున్న ల్యాబ్ విడివిడిగా వెతుకుతూ వెళ్ళి ఒకే జన్యువుల దగ్గర తేలారు, అందుకే వాటికి ఈరోజుకీ రెండు పేర్లు, ఒకళ్ళు సీబీఎఫ్ అంటారు, ఇంకొకళ్ళు డ్రెబ్ అంటారు.

మరి అలాంటప్పుడు ఎడారి మొక్కలన్నీ చలికి తట్టుకోవాలి కదా? తట్టుకోవు, ఇక్కడే నేను బోల్తా పడింది. కరువుని తట్టుకునే మొక్కల్లో రెండు రకాల మనస్తత్వాలున్నాయి. ఒకటి నీళ్ళు దాచుకుని కూర్చునే రకం: కలబంద, అడీనియం (ఎడారి గులాబీ), మా పెద్ద కిత్తనార. వాటికి బయట కరువుండొచ్చు గానీ లోపల కరువు తెలీదు, ఒళ్ళంతా నీళ్ళే. రెండోది ఒళ్ళు ఎండటానికి ఒప్పుకునే రకం. చలికాలం ముందు మా నాగజెముడు ఏం చేస్తుందంటే తనంతట తనే నీళ్ళు వదిలేసుకుని మట్టలు పలచబడి, ముడతలు పడి, నేలమీద పడుకుంటుంది, మిగిలిన నీళ్ళని మట్టల్లో ఉండే జిగురు పదార్థంలో పట్టి ఉంచుతుంది. ఐస్ వచ్చేసరికి లాక్కోవడానికి కణంలో పెద్దగా ఏమీ ఉండదు. ఒపన్షియా అంటే నాగజెముడు గుంపు, అందులోనే ఒపన్షియా ఫ్రాజిలిస్ అనే బుల్లి జాతి కెనడాలో కూడా అడవిగా పెరుగుతుంది. అరిజోనాలో అంత పెద్ద సగ్వారో కాక్టస్ మాత్రం, నిలువెత్తు నీళ్ళ ట్యాంకు కాబట్టి, రాత్రి గడ్డకట్టి పొద్దున కరిగితే బతుకుతుంది, మధ్యలో పగలు కూడా కరగకుండా ఒక రోజు దాటిందంటే కష్టమే. ఫారెస్ట్ ష్రీవ్ అనే వృక్ష శాస్త్రవేత్త 1911లోనే ఈ సంగతి రాశాడు, ఆ కాక్టస్ ఉత్తరానికి ఎందాకా పెరుగుతుందో నిర్ణయించేది ఎంత చలి అన్నది ఒక్కటే కాదు, ఎన్ని గంటలు వరసగా గడ్డకట్టి ఉంది అన్నది కూడా అని.

కాబట్టి మన పని మొక్కని వెచ్చగా ఉంచడం కంటే ముందు, చలి వచ్చే లోపు దాన్ని ఎండనివ్వడం.

స్టెప్ 1: మొక్క అసలు పేరు కనుక్కోండి

నర్సరీలో లేబుల్ మీద "సక్యులెంట్" అనో "డ్రౌట్ టాలరెంట్" అనో ఉంటే దాంతో ఏమీ తెలీదు. పూర్తి జాతి పేరు కావాలి. ఒకే కిత్తనార కుటుంబంలో తేడాలు చూడండి:

అగావె అటెన్యువాటా (ముళ్ళు లేకుండా అందంగా ఉండేది) 30 దగ్గరే దెబ్బతింటుంది. అగావె అమెరికానా 15 నుంచి 20 దాకా ఓర్చుకుంటుంది. అగావె ఓవాటిఫోలియా, వేల్స్ టంగ్ అని అమ్ముతారు, 5 దాకా. వెస్ట్ టెక్సస్ కొండల్లో పుట్టిన హావర్డియానా, న్యూమెక్సికో అరిజోనా ఎత్తుల నుంచి వచ్చిన పారియై పొడిగా ఉంటే సున్నా కిందికి పోయినా నిలబడతాయి. ఈ నంబర్లూ, ఇక్కడి నుంచి కింద వచ్చే డిగ్రీలూ అన్నీ ఫారెన్‌హీటే (32 అంటే సున్నా సెంటీగ్రేడ్). పుట్టిన చోటు చలిదా వెచ్చనిదా అన్నది సగం కథ చెప్పేస్తుంది.

డాలస్‌లో ఏ జంకూ లేకుండా నేలలో పెట్టుకోదగ్గవి: హెస్పరాలో (రెడ్ యుకా, రోడ్ల మధ్య డివైడర్లలో ఎర్ర పూల కాడలతో ఉండేది అదే), యుకా రోస్ట్రాటా, ఒపన్షియా హ్యూమిఫ్యూసా, ముళ్ళు లేనిది కావాలంటే ఎల్లిసియానా, చిన్నవాటిలో సెంపర్‌వైవమ్, సీడమ్ రకాలు. సెంపర్‌వైవమ్‌కి ఇక్కడ చలి లెక్కే కాదు, దాన్ని చంపేది మన ఆగస్టు ఎండ.

తర్వాత మీ జోన్, అంటే మీ ఊరి చలిని బట్టి ఇచ్చే నంబర్. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) హార్డినెస్ మ్యాప్ 2023లో మార్చారు, జిప్ కోడ్ కొడితే వస్తుంది, డాలస్ ప్రాంతం జోన్ 8. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఆ నంబర్ ముప్ఫై ఏళ్ళలో ఏటా పడిన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు, అంతేగానీ ఇంతకంటే కిందికి పోదని ఎవరూ హామీ ఇవ్వలేదు. జోన్ 8 అంటే 10 నుంచి 20, మాకు పడింది మైనస్ 2. అందుకని ఖరీదైన పెద్ద మొక్క కొనేటప్పుడు జోన్ 7 మొక్క కొనండి, అయిదు డాలర్ల మొక్కయితే మీ ఇష్టం, జూదం ఆడుకోండి.

స్టెప్ 2: నేల, అసలు కథంతా ఇక్కడే ఉంది

డాలస్ కింద ఉన్నది అచ్చం మన నల్లరేగడే. హ్యూస్టన్ బ్లాక్ అని టెక్సస్ రాష్ట్ర మట్టిగా పెట్టుకున్నారు, నేల శాస్త్రం లెక్కలో రెండూ వెర్టిసాల్ జాతే, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్ళు, తడిస్తే బంక. అమ్మ వీడియో కాల్లో మా పెరడు పగుళ్ళు చూసి "శనగ ఏస్కోరా" అంది, నిజంగా అదే నేల. అందులో గుంత తవ్వి కాక్టస్ పెడితే ఏమవుతుంది? ఆ గుంత గిన్నెలాగా నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది, గుంతలో మీరు ఇసుక పోసినా సరే, చుట్టూ బంకే కాబట్టి నీళ్ళు పోవడానికి దారుండదు. వేర్లు నీళ్ళలో ఉన్న మొక్క ఒళ్ళు ఎండబెట్టుకోలేదు, ఎండబెట్టుకోలేని మొక్క చలికి గట్టిపడదు. "10 డిగ్రీలకి తట్టుకుంటుందన్నారు, 22కే చచ్చింది" అని గోల పెట్టే కేసుల్లో చాలా వరకు ఇదే.

కాబట్టి కిందికి తవ్వొద్దు, పైకి కట్టండి. నేలమీదే ఒకటి ఒకటిన్నర అడుగుల ఎత్తు దిబ్బ పోయండి. నా మిక్స్: సగం డీకంపోజ్డ్ గ్రానైట్ (పొడిపొడిగా విరిగిన గ్రానైట్ రాయి), పావు ఎక్స్‌పాండెడ్ షేల్, పావు అక్కడి మట్టే, కంపోస్ట్ గుప్పెడో రెండు గుప్పెళ్ళో. షేల్ అంటే కాల్చిన బొంగు రాళ్ళలాంటివి, ఇక్కడ నర్సరీలన్నిట్లో బస్తాల్లో దొరుకుతాయి. నాటేటప్పుడు మొక్క మొదలు దిబ్బ కంటే ఒక అంగుళం పైనే ఉండాలి, ఏడాదికి అదే కుంగుతుంది. చెక్క పొట్టు మల్చ్ వేయకండి, మొక్క మొదలు దగ్గర తడి పట్టి ఉంచుతుంది, గ్రావెల్ రెండు అంగుళాలు పరచండి.

చోటు విషయానికొస్తే దక్షిణం వైపు ఇటుక గోడ దొరికితే వదలొద్దు, పగలంతా ఎండ తాగి రాత్రి వేడి వదులుతుంది. చల్ల గాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుంది, కాబట్టి వాలు అడుగున ఫెన్స్ అడ్డున్న మూలలో పెట్టొద్దు. చూరు నీళ్ళు పడే చోట అసలొద్దు, గట్టర్ ఎక్కడ కారుతుందో ఒక వానలో నిలబడి చూసుకోండి.

నాటడం ఏప్రిల్, మే నెలల్లో. సెప్టెంబర్ సేల్‌లో సగం ధరకి వచ్చాయని నాటితే వేర్లు సాగకముందే చలి వస్తుంది. సేల్‌లో కొన్నా కుండీలోనే ఉంచి వసంతంలో నాటండి.

స్టెప్ 3: ఆగస్టు నుంచే మొదలుపెట్టండి

ఎరువు జులైతో ఆపేయండి. నత్రజని పడితే లేత కణజాలం పుడుతుంది, లేతది నీళ్ళతో నిండి ఉంటుంది, మొదట పోయేది అదే.

నీళ్ళు సెప్టెంబర్‌లో సగం, అక్టోబర్ మధ్యకి పూర్తిగా బంద్. స్ప్రింక్లర్ టైమర్‌లో ఆ మొక్కల వైపు లైన్‌ని ఆఫ్ చేశారో లేదో చూసుకోండి, నేను రెండేళ్ళు లాన్ స్ప్రింక్లర్ పక్క నుంచి కిత్తనార మీద కొడుతోందని గమనించనే లేదు, మా వాడు బంతికోసం వెళ్ళి తడిసి వచ్చి చెప్తే తెలిసింది. నవంబర్‌కల్లా నాగజెముడు వాడిపోయినట్టు కనిపిస్తుంది, కాక్టస్ బంతులు కొంచెం లోపలికి కుంగుతాయి, సెంపర్‌వైవమ్ రేకులు ముడుచుకుని ఎర్రబడతాయి. చూసి జాలిపడి నీళ్ళు పోయకండి! అది జబ్బు కాదు, చలికాలం సామాను సర్దుకోవడం.

గట్టిపడటానికి రెండు మూడు వారాలు చల్లటి రోజులు కావాలి, రాత్రిళ్ళు 40లకి దిగుతుంటే మొక్క లెక్క మారుతుంది. ఇక్కడ మొదటి ఫ్రీజ్ మామూలుగా నవంబర్ మూడో వారం తర్వాత వస్తుంది కాబట్టి టైమ్ దొరుకుతుంది. ఇబ్బంది ఎక్కడంటే జనవరిలో నాలుగు రోజులు 75కి పోతుంది, గట్టిపడటానికి పట్టిన వారాలు విప్పుకోవడానికి పట్టవు, రోజుల్లో అయిపోతుంది, వెంటనే 18కి పడితే డిసెంబర్‌లో అదే 18కి చలించని మొక్క కూడా దెబ్బతింటుంది. ఆ వెచ్చటి రోజుల్లో మన చేతుల్లో ఉన్నది ఒకటే, పైపు ముట్టుకోకపోవడం.

స్టెప్ 4: కుండీలది వేరే లెక్క

నేలలో వేర్లకి భూమి వేడి ఉంటుంది, కుండీలో వేర్లకి అన్ని వైపుల నుంచీ చలే, పైగా వేర్లు ఆకుల కంటే సుకుమారం. కుండీలో మొక్కకి రెండు జోన్లు తగ్గించి లెక్కేసుకోండి. కలబంద, జేడ్, అడీనియం అయితే 45, 50 దగ్గరే లోపలికి. గరాజ్ చాలు, వెలుతురు తక్కువైనా పర్లేదు, పొడిగా ఉంచితే నిద్రపోయినట్టు ఉంటాయి. అడీనియం ఆకులన్నీ రాల్చేసి దుడ్డుకర్రలాగా మిగిలితే చచ్చిందని నీళ్ళు పోసి మరీ చంపుతారు, కాండం నొక్కి చూడండి, గట్టిగా ఉంటే బతికే ఉంది.

స్టెప్ 5: ఫ్రీజ్ వార్నింగ్ వచ్చిన రోజు

ఫోన్లో కనిపించే ఒక్క నంబర్ చూసి ఊరుకోకండి, గంటల వారీగా చూడండి. తెల్లవారుజామున రెండు గంటలు 27కి పోయి పదింటికి 45 అయితే గట్టి మొక్కలకి ఏమీ చేయక్కర్లేదు. పగలు కూడా 32 దాటకుండా ఇరవై నాలుగు గంటలు పైన అంటే అప్పుడు కంగారుపడాలి, సగ్వారో సంగతి చెప్పా కదా.

రెండోది, ముందు వానుందా? ఇక్కడ తుఫానులు చాలాసార్లు వానతో మొదలై, ఐస్ వానగా మారి, ఆ తర్వాత చలి దిగుతుంది. కిత్తనార మట్టల మొదట్లో నీళ్ళు నిలిచి గడ్డకడితే మొవ్వు పోతుంది. కాబట్టి మొదటి గొడుగు చలికి కాదు, వానకి. నాలుగు కర్రలు పాతి పైన ప్లాస్టిక్ షీట్ కట్టండి, పక్కలు తెరిచి, మొక్కకి తగలకుండా. వాన ఆగాక మొవ్వులో నీళ్ళుంటే పాత టవల్‌తో అద్దండి, బ్లోయర్ ఉంటే ఊదేయండి.

అప్పుడు ఫ్రాస్ట్ క్లాత్, అంటే చలికి మొక్కల మీద కప్పే గుడ్డ. మందాన్ని బట్టి 2 నుంచి 8 డిగ్రీల దాకా కలిసొస్తుంది, అంతకంటే ఆశించొద్దు. మొక్కకి శాలువా కప్పినట్టు మొదలు దగ్గర చుట్టి కట్టకండి, అదే అందరూ చేసేది, వేడి వచ్చేది నేల నుంచి కాబట్టి క్లాత్ గుడారంలాగా నేలదాకా దిగి అంచుల మీద ఇటుకలు పెట్టాలి. లోపల పాత రకం క్రిస్మస్ బల్బుల దండ, బయట వాడే రకం, క్లాత్‌కి తగలకుండా వేస్తే ఇంకొంచెం వెచ్చన, ఎల్ఈడీ అయితే దండగ, వేడే ఉండదు. నిలువు కాక్టస్‌ల కొనలకి ఫీనిక్స్‌లో థర్మాకోల్ కప్పులు బోర్లిస్తారు, చూడ్డానికి కామెడీగా ఉంటుంది గానీ పెరిగే మొన అక్కడే ఉంది కాబట్టి అర్థమున్న పనే.

"ఫ్రీజ్ ముందు రోజు మొక్కలకి నీళ్ళు పెట్టండి" అని టీవీలో చెప్తారు, తడి నేల వేడి పట్టి ఉంచుతుందని, అది గడ్డికి, గులాబీలకి, క్యారెట్లకి. కాక్టస్‌కి, కిత్తనారకి వద్దు. మంచు మాత్రం పడితే పడనివ్వండి, పొడి మంచు దుప్పటిలాగా పనిచేస్తుంది, మైనస్ 2 రాత్రి మా సెంపర్‌వైవమ్‌లు మంచు కింద హాయిగా ఉన్నాయి. చలి తగ్గి 32 దాటగానే ప్లాస్టిక్ తీసేయండి, ఎండ పడితే లోపల ఉడుకుతుంది.

స్టెప్ 6: మర్నాడు కత్తి పట్టుకోవద్దు

నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఐస్ కరిగిన వెంటనే ఏది చచ్చిందో ఏది బతికిందో ఎవరికీ తెలీదు. రెండు వారాలు ఆగండి, తర్వాత ఇలా చూడండి.

నాగజెముడు వాలిపోయినా, ముడతలు పడినా, ఊదా రంగు తిరిగినా పర్లేదు. మట్ట గాజులాగా అవతల వెలుగు కనిపించేలా అయి, నొక్కితే రసం కారితే అది పోయింది, కీలు దగ్గర కోసేయండి. కింద ఒక్క మట్ట గట్టిగా ఉన్నా మళ్ళీ మొదలవుతుంది.

కిత్తనార అయితే నడిమొవ్వు ముఖ్యం. కుళ్ళిన మట్టలన్నీ తీసి, మొవ్వు పట్టుకుని మెల్లగా పైకి లాగండి. రాకుండా బిగుసుకుని ఉంటే ఆశ ఉంది. చేతికి ఊడొచ్చి అడుగున గోధుమరంగు పేస్టులా ఉంటే వదిలేయండి, కానీ వేర్లు తవ్వొద్దు, చుట్టూ పిలకలు రావొచ్చు. మా పెద్దదానికి జూన్‌లో రెండొచ్చాయి. మెత్తబడిన మట్టలు మాత్రం ఉంచకండి, కుళ్ళు మొవ్వుకి పాకుతుంది. కోసేటప్పుడు గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్, కళ్ళజోడు తప్పనిసరి, ఆ రసంలో సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ ఉంటుంది, చర్మం మీద పడితే దురద, మంట, నాకు మోచేతి దాకా దద్దుర్లు వచ్చి వారం రోజులు ఆఫీసు కాల్స్‌లో గోక్కుంటూ కూర్చున్నా. రంపపు మిషన్‌తో కోస్తే ఒళ్ళంతా చిమ్ముతుంది, చేతి రంపమే వాడండి.

టెక్సస్ సేజ్ లాంటి పొదలకి గోరుతో బెరడు గీకితే లోపల పచ్చ ఉందా లేదా తెలుస్తుంది. పైన గోధుమ, కింద పచ్చ ఉంటే పచ్చ దాకా మాత్రమే కత్తిరించండి, అదీ మార్చి మధ్యలో ఆఖరి ఫ్రీజ్ దాటాక.

నీళ్ళు ఎప్పుడు? రాత్రిళ్ళు వరసగా 50 పైన ఉంటూ, మొక్క తనంతట తను కొత్త చిగురో కొత్త ముల్లో చూపించినప్పుడు, అదీ మొదటిసారి కొద్దిగా. మా నాగజెముడు ఇప్పుడు దిబ్బ మీద నాలుగడుగులుంది, 2022 డిసెంబర్ ఫ్రీజ్ కూడా చూసేసింది, మేలో పసుపు పూలు పూస్తుంది, అమ్మ వచ్చినప్పుడు దాని పక్కన నిలబడి ఫోటో దిగి ఊళ్ళో గ్రూప్‌లో పెట్టింది, కింద రాసింది ఏంటంటే "మావాడు కొన్న జెముడు".